పురుషోత్తం గారి పద్దెనిమిది మార్కులు

గత నెల పదకొండో తేదీన, బందరు కార్యాలయంలో, మా చేపల ఉత్పత్తిదారుల సంస్థ పాలకమండలి తన సీఈఓ పురుషోత్తం గారి ఏడాది పనితీరుకు నూటికి పద్దెనిమిది మార్కులు ఖాయం చేసి, ఆయనను ఉద్యోగం నుంచి తప్పించాలని తీర్మానించింది. ఏడుగురు డైరెక్టర్లూ సంతకాలు చేశారు. ఆ మార్కులు వేసింది మాత్రం పురుషోత్తం గారే.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే ఆయనకున్న ఒకే ఒక్క అలవాటు తెలియాలి. ఈ భూమండలం మీద ఎక్కడ ఏ పొరపాటు జరిగినా అది తనదేనని ఆయన ఒప్పుకుంటారు. ఎవరూ అడగనక్కర్లేదు. ఈ సంస్థకు న్యాయ సలహాదారుగా నాలుగేళ్లుగా ఆయన్ని చూస్తున్నాను. ఇంతటి స్వచ్ఛంద నేరాంగీకారం నేను ఏ కోర్టు రికార్డులోనూ చదవలేదు.

ఒకసారి మేమిద్దరం గుడివాడ నుంచి బందరు వస్తుండగా గుడ్లవల్లేరు దాటాక బస్సు టైరు పంక్చరైంది. అందరూ దిగి ఎండలో నిలబడ్డారు. పురుషోత్తం గారు నుదురు తుడుచుకుంటూ కండక్టరు దగ్గరికి వెళ్లారు.

“తప్పు నాదేనండి.”

“మీరు డిపోలో చేస్తారాండీ?”

“లేదండి. ముందు బస్సుకే రావాల్సింది. మాటల్లో పడి వదిలేశాను. నా బరువు ఎనభై రెండు కిలోలండి.”

కండక్టరు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. వెనక నుంచి ఒక పెద్దాయన, “అయితే ఆ స్టెప్నీ కూడా మీరే పట్టండి” అన్నాడు. పట్టారు. చొక్కా నిండా గ్రీజుతో కార్యాలయం చేరి, ఆలస్యానికి అందరికీ క్షమాపణ చెప్పారు. ఆ రోజు సెలవులో ఉన్న ఇద్దరికి ఫోను చేసి మరీ చెప్పారు.

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య ఆండాళ్ గారు నా దగ్గర వాపోయారు.

“పులుసులో ఉప్పెక్కువేశానని నేనే అన్నానమ్మా. ‘ఉప్పు ప్యాకెట్టు తెచ్చింది నేనేగా’ అన్నారు. ముప్పై ఏళ్లయింది, ఈయనతో ఒక్క పోట్లాటైనా చివరిదాకా సాగలేదు. రెండో మాటకే ఓడిపోతారు.”

“అది మంచిదేగా అండీ?”

“నువ్వు పెళ్లి చేసుకున్నాక చెప్పు.”

ఇలాంటి మనిషి చేతికి, హైదరాబాదులోని ఒక కన్సల్టెంటు తయారుచేసిన ఇరవై ప్రశ్నల ఫారం వచ్చింది. ప్రతి ప్రశ్నకూ అయిదు మార్కులు. పక్కన రెండు గళ్లు. ఎడమ గడిలో సీఈఓ తనకు తాను వేసుకోవాలి, కుడి గడిలో పాలకమండలి వేయాలి. తేడా ఎక్కడుందో చూసి అక్కడ కూర్చుని మాట్లాడుకోవాలి. పురుషోత్తం గారు రెండు రోజులు శ్రమించి ఎడమ గళ్లు నింపారు. ‘ప్రమాదాలను ముందుగా గుర్తించుట: సున్నా. అల్పపీడనం సంగతి టీవీలో చెప్పేదాకా నాకు తెలియలేదు.’ ‘సమయపాలన’కు రెండు వేసుకుని, ఫారం ఒక రోజు ఆలస్యమైందని కొట్టేసి ఒకటి చేశారు. మొత్తం పద్దెనిమిది.

కుడి గళ్లు ఈనాటికీ ఖాళీ. పాలకమండలి కూర్చున్న రోజు నేను అవనిగడ్డ కోర్టులో ఉన్నాను. మినిట్సు చదివి, హాజరైనవారిని విడివిడిగా అడిగి రాస్తున్న సంగతులివి. చైర్మన్ మల్లికార్జునరావు గారు, బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులున్న పెద్దమనిషి, భోజనాలు చల్లారిపోతున్నాయన్న తొందరలో ఉన్నారట.

“ఆయన గురించి ఆయనకంటే మనకెక్కువ తెలుసాండీ? అవే మినిట్సులో ఎక్కించేయండి.”

“నలభై లోపైతే ఉద్యోగం ఉండదని రూలుందండీ” అని ఒక డైరెక్టరు గుర్తుచేశారట.

“అయితే రూలు ప్రకారమే కానీండి.”

మత్స్యకార మహిళల తరఫున డైరెక్టరైన పెద్దింట్లమ్మను నాగాయలంక వెళ్లి అడిగాను.

“సంతకం ఎలా పెట్టావు పిన్నీ?”

“హాజరుకీ తీర్మానానికీ ఒకటే పుస్తకం కదమ్మా. హాజరేననుకుని పెట్టాను. తిని చెయ్యి కడుక్కునేసరికి ఆయన ఉద్యోగం పోయింది.”

ఫారానికి పురుషోత్తం గారు తన నేరాల జాబితా కూడా జతచేశారు. దాన్ని తీసుకుని ఒక్కొక్కటే విచారించాను.

‘మే నెలలో ఐసు ప్లాంటు అయిదు గంటలు ఆగింది, నా నిర్లక్ష్యం.’ ఆ రోజు ప్లాంటు ఆపరేటరు అయ్యప్ప, భార్యకు నొప్పులొస్తున్నాయని ఫోను రాగానే, ఎవరికీ చెప్పకుండా గుడివాడ ఆసుపత్రికి పరుగెత్తాడు. ‘రొయ్యల లారీ రెండు రోజులు కదలలేదు, నా అసమర్థత.’ రేటు పెరుగుతుందని లారీని ఆపించింది చైర్మన్ గారు. ‘లైసెన్సు గడువు దాటింది, నా మతిమరుపు.’ ఆ దరఖాస్తు పన్నెండు రోజులు నా బ్యాగులోనే ఉంది. అప్పటిదాకా నిలబడి కోపంగా చదువుతున్న నేను, అక్కడ కూర్చోవలసి వచ్చింది.

అయ్యప్ప తన సంగతి తానే చెప్పాడు.

“నన్నొక్క మాట అనలేదు మేడమ్. పాప ఎలా ఉందనడిగారు. తర్వాత, ‘మళ్లీ ఎప్పుడైనా పరిగెత్తాల్సొస్తే ప్లాంటు ఎవరు చూస్తారో నువ్వే చెప్పు’ అన్నారు. ఇద్దరికి పని నేర్పాను. అప్పట్నుంచీ ఆగలేదండి.”

లారీ కూడా మళ్లీ ఆగలేదు. లైసెన్సుల గడువు తేదీలు ఇప్పుడు ఆయన గోడ మీదా నా గోడ మీదా ఉన్నాయి. తిట్టరని తెలుసు గనక ఆయన దగ్గర ఎవరూ ఏదీ దాచరు. పగిలింది పగిలినట్టే తెచ్చి చూపిస్తారు, ఆయన అతికిస్తారు. ఇరవై ప్రశ్నల్లో దీనికి ఒక్క గడి లేదు.

నేరుగా ఆయన్నే నిలదీశాను.

“ఇవేవీ మీ తప్పులు కావని మీకు తెలుసు కదండీ?”

“అయ్యప్ప పేరు రాస్తే సాయంత్రానికి తీసేస్తారండి. పసిపిల్ల ఉంది. చైర్మన్ గారి పేరు రాస్తే నలుగురిలో చిన్నబుచ్చుకుంటారు.”

“మరి నా పేరు?”

“మీరు నాకే నోటీసిస్తారండి.”

తీర్మానాన్ని ఖరారు చేసే సమావేశం వచ్చే గురువారం పదకొండు గంటలకు. ఆయన వాదన వినితీరాలని నేనే పాలకమండలికి లేఖ రాశాను. వెంటనే ఒప్పుకున్నారు. ఆ క్షణం నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఎందుకంటే ఆయన సిద్ధమవుతున్నారు. నిన్న నాలుగు పేజీల ప్రసంగం చూపించారు. ‘ఫారంలో నాకు నేను కాస్త ఎక్కువే వేసుకున్నానేమోనని అనుమానంగా ఉంది’ అని మొదలైంది. మిగతా మూడు పేజీలు చదివే ధైర్యం చేయలేదు.

కాబట్టి మల్లికార్జునరావు గారికీ, తక్కిన ఆరుగురు డైరెక్టర్లకూ నా డిమాండు ఇది. గురువారం లోగా ఆ కుడి గళ్లు మీరు, మీ చేత్తో, ప్రతి అంకెకూ కారణం రాసి నింపండి. ఐసు ప్లాంటు గురించి అయ్యప్పను, లైసెన్సు గురించి నన్ను సమావేశానికి పిలిచి అడగండి. లారీ గురించి, చైర్మన్ గారూ, మీరే లేచి చెప్పండి. ఆ తర్వాత తీర్మానాన్ని రద్దు చేయండి. అవతలి మనిషి మాట వినకుండా తీర్పు చెప్పకూడదని అయిదేళ్లు చదువుకున్నాను, చదివినప్పటి నుంచీ అదే వాదిస్తున్నాను. ఈ ఒక్క కేసులో నా లేఖను వెనక్కి తీసుకుంటున్నాను: రద్దు మీద ఏడు సంతకాలూ పడేదాకా పురుషోత్తం గారిని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, టీ ఇప్పించండి, దయచేసి లోపలికి మాత్రం పిలవకండి.