గంజి ఆరేదాకా మొసలి

కరోనా తగ్గాక వచ్చిన వానాకాలంలో నన్ను తిరుత్తణికి అటవీ రేంజర్‌గా వేశారు. మా శాఖలో రేంజరంటే జిల్లా అధికారికి కింద, ఫారెస్టరుకూ గార్డుకూ పైన. తిట్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. అంతకుముందే ఆఫ్రికాలో, గడ్డిమైదానాల మధ్య పారే ఓ మహానది ఒడ్డున శిక్షణ పొంది వచ్చాను. సింహాలు నీళ్ళకు దిగే రేవులు, నీటిగుర్రాల దారులు, జింకను నోట కరిచి లాక్కుపోయే మొసళ్ళు, అన్నీ చూసినవాణ్ణి. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి చెప్పేవాణ్ణి.

రోజుల తరబడి పట్టిన ముసురు విడిచి ఎండ కాసిన ఒక ఉదయం, నేతగాళ్ళ వీధిలో మొసలి ఉందని ఫోను వచ్చింది. చెరువు పొంగి కాలువ వెంట వచ్చినట్టుంది. గార్డు ఏలుమలైని వెంటబెట్టుకుని, తాళ్ళూ గోనెసంచులూ తీసుకుని వెళ్ళాను.

వీధి పొడవునా పడుగు సాచి ఉంది. పడుగంటే చీరకు నిలువు దారాలు. వాటికి గంజి పట్టించి, ఆరేదాకా చెరోవైపు ఒకరు నడుస్తూ కుంచెతో దువ్వుతూనే ఉండాలి. మధ్యలో ఆపితే పోగులు అతుక్కుపోయి మగ్గానికి పనికిరావు. ఆ పడుగు కింద, నీడలో, మొసలి హాయిగా పడుకుని ఉంది. నాగమ్మ అనే ఆవిడ ఒక్కతే దువ్వుతోంది. రెండో కుంచె పట్టాల్సిన ఆమె భర్త మునుసామి మిద్దె మీద ఉన్నాడు.

మా పద్ధతి ప్రకారం ముందు జనాన్ని ఖాళీ చేయించాలి. తర్వాత వెనక నుంచి వెళ్ళి తడి గోనె కళ్ళ మీద కప్పి, దవడలు కట్టాలి. పడుగు తీసేయమన్నాను.

"వానకు ఇన్నాళ్ళూ పనిలేక కూసోని ఉండాము సార్. ఇది పోయిందంటే నెలంతా మగ్గం ఖాళీనే. కొంజం పొరుంగ, రవంత ఓర్చుకోండి. మొసలి నన్నేమీ అనలా, మీరే అంటా ఉండారు" అంది చెయ్యి ఆపకుండా.

"పడుగు మీద చెయ్యేస్తే ఊరుకోను సార్!" అని మిద్దె మీద నుంచి మునుసామి.

"అయితే దిగొచ్చి కుంచె పట్టు మామా."

"నేను ఈడినుంచే చూస్తా ఉండా కదా!"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది. రెండో కుంచె నేనే అందుకున్నాను. ఏలుమలై గోనె పట్టుకుని మొసలి తల దగ్గర కూర్చున్నాడు. తోక నా వైపు ఉంది. అటు పోయేటప్పుడు ఒకసారి, ఇటు వచ్చేటప్పుడు ఒకసారి దాన్ని దాటాలి. దాటిన ప్రతిసారీ బూటు మోకాలెత్తు లేపేవాణ్ణి. మొసలి మాత్రం కన్నెత్తి చూడలేదు. పైనుంచి కారిన గంజికి దాని వీపు తెల్లబడింది.

ఇంతలో తిరువళ్ళూరు నుంచి జిల్లా అధికారి ఫోను చేసి, ఆపరేషన్ ఎందాకా వచ్చిందని అడిగారు. సగం ఆరిందని చెప్పాను. ఏం ఆరిందని ఆయన మళ్ళీ అడిగారు.

ఎండ ముదిరాక నాగమ్మ పోగులు వేళ్ళతో తడిమి, చాలంది. అప్పటికి ధైర్యం వచ్చిన మునుసామి దిగివచ్చి పడుగు చుట్టాడు. నేను దువ్విన వైపు గరుగ్గా ఉందని నాకే చెప్పాడు. తర్వాత గోనె కప్పి, దవడలు కట్టి, పెళపెళలాడుతున్న మొసలిని జీపులోకి ఎక్కించి పూండి జలాశయంలో వదిలాం.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: ఒక చోటు ఖాళీ చేయించే ముందు అక్కడ ఏ పని సగంలో ఉందో అడగాలి. మొసలి ఆగుతుంది. గంజి ఆగదు.