సెకన్ల మేడం

మా మేడం దగ్గర ఎవరి పనైనా సరే, స్టాప్‌వాచ్ నొక్కకుండా మొదలయ్యేది కాదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళ గురించి మీరు వినుంటారు. మా మేడం ఆవలింత ఎన్ని సెకన్లో కూడా చెప్పేవారు. అందుకే ఆఫీసులో ఆవిడకి సెకన్ల మేడం అని పేరు. పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను.

చదువులో వెనకబడ్డ పిల్లల్ని బడులవాళ్ళు ఆవిడ దగ్గరికి పంపేవారు. చదవడం, రాయడం, జ్ఞాపకం, ధ్యాస, ఆలోచన అన్నీ విడివిడిగా పరీక్షించి, అసలు చిక్కు ఎక్కడుందో రిపోర్టు రాయడం ఆవిడ పని. టైపు చేయడం నా పని. ఆ పరీక్షల్లో కొన్నిటికి స్టాప్‌వాచ్ కావాలి, నిజమే. కానీ ఉద్యోగంలో చేరిన రోజే నామీద దేనికండీ?

"కుర్చీ లాక్కుని కూర్చోవడానికి పద్నాలుగు సెకన్లు," అన్నారు నన్ను చూసి. "ఫర్వాలేదు, నేర్చుకుంటావులే."

వాళ్ళాయన్నీ వదల్లేదు. ఒకరోజు పాపం ఆయన భోజనం డబ్బా తెచ్చిచ్చారు.

"ఇంటి నుంచి ఇరవై రెండు నిమిషాలా? మొన్న పంతొమ్మిదికే వచ్చారుగా."

"మొన్న ఆకలేసింది నాకు. ఇవాళ నీకు," అన్నారాయన.

ఇక పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నల సంగతి చెప్పక్కర్లేదు. బయట బెంచీ మీద కూర్చున్న పిల్లలకి వినపడేలా, తలుపు బార్లా తెరిచిపెట్టి మరీ వాళ్ళ సెకన్ల లెక్క చెప్పేవారు. "మావాడికి ఏదైనా ఒకటికి పదిసార్లు చెప్పాలండీ" అని ఒక తండ్రి వాపోతుంటే, "ఈ ముక్క మీరు ఇప్పటికి ఆరుసార్లు చెప్పారు. మూడు నిమిషాల పది సెకన్లు," అన్నారు. బెంచీ మీంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. పెద్దవాళ్ళ పరువు ఇలా తీస్తే ఎలాగని నేను తల పట్టుకునేవాణ్ణి.

ఒకసారి తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చింది, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని. నాలుగో తరగతి. చదవమంటే గుటకలు మింగుతుంది. పరీక్ష కాగితాల్లో సగం ఖాళీయే. వచ్చే ఏడు రెండో తరగతిలో కూర్చోబెడతామని బడి నిర్ణయించింది. ఆ తరగతిలోనే దాని తమ్ముడుంటాడు. మేడం రిపోర్టు చూసి ప్రిన్సిపాల్ సంతకం పెట్టడమే తరువాయి.

స్టాప్‌వాచ్ కనపడగానే పిల్ల రెండు చేతులూ తొడల కింద దాచుకుంది.

"మా టీచర్ దగ్గర కూడా ఇది ఉంది," అంది.

"నీ చేతికి ఎప్పుడైనా ఇచ్చారా?"

"లేదు."

"అయితే పట్టుకో. ముందు నాకు పెట్టు పరీక్ష."

మేడం సూదిలో దారం ఎక్కించడానికి కూర్చున్నారు. దారం అటు పోయింది, ఇటు పోయింది, తడిపితే వంగింది, కొరికితే చీలింది. పిల్ల మెల్లగా కుర్చీ అంచుకి జరిగి, వాచీని రెండు చేతులా పట్టుకుంది.

"రెండు నిమిషాల ఆరు సెకన్లు. మీరు చాలా స్లో మేడం."

"అవును తల్లీ. అయినా ఎక్కిందిగా."

రెండు పొద్దులు పరీక్షలు జరిగాయి. రిపోర్టు నా చేతికొచ్చింది. తనంతట తను చదివితే మొదటి తరగతి స్థాయి. అదే కథ పక్కవాళ్ళు చదివి వినిపిస్తే ప్రతి ప్రశ్నకీ జవాబు. బొమ్మల్లో చిక్కులు విప్పడంలో పన్నెండేళ్ళ వాళ్ళని కూడా దాటేసింది. తెలివికి లోటు లేదు, అక్షరాలు పోల్చుకునే చోటే అడ్డంకి. పరీక్షల్లో ఎక్కువ టైం ఇవ్వాలని, ప్రశ్నలు చదివి వినిపించాలని, చదవడం రోజూ విడిగా నేర్పాలని, ఐదో తరగతికే పంపాలని మూడో పేజీలో ఉంది. ఆ పేజీ నేను లేచి నిలబడి టైపు చేశాను. అంత సంతోషం వేసింది.

ప్రిన్సిపాల్ వచ్చే రోజు పొద్దున నా చొక్కా గుండీ ఊడింది. మేడం కళ్ళజోడైనా పెట్టుకోకుండా, ఒక్క పోటుకే దారం ఎక్కించి కుట్టేశారు.

"మరి ఆ పిల్ల ముందు రెండు నిమిషాలు పట్టిందేంటి మేడం?" అన్నాను.

"పిల్లలు ఇక్కడికి ఓడిపోయే వస్తారయ్యా. పెద్దవాళ్ళు కూడా తడబడతారని చూస్తే గానీ భయం వదలదు. తలుపు తెరిచిపెట్టేది మరెందుకనుకున్నావు?"

ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళకి గానీ ఈ ముక్క నాకు అర్థం కాలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ప్రిన్సిపాల్ గారు రెండో తరగతి ఉత్తర్వు టైపు చేయించుకునే వచ్చారు.

"అందరికీ ఇచ్చిన టైమే ఇచ్చాం మేడం. ఈ పిల్లకి రాలేదు. మేమేం చేస్తాం?"

బయట బెంచీ మీద నాన్నతో కూర్చున్న పిల్లని మేడం లోపలికి పిలిచి వాచీ ఇచ్చారు. తొమ్మిది ఎరుపు తెలుపు దిమ్మలు, ఒక బొమ్మ కార్డు ఆయన ముందు పెట్టారు.

"ఇవి పిల్లల పరీక్షవి కావు లెండి, పెద్దవాళ్ళ కోసం విడిగా చేయించాను. ఈ బొమ్మలా పేర్చండి. మూడు నిమిషాలు."

ఆయన మొదట నవ్వారు. నిమిషానికి నవ్వు ఆగింది. రెండో నిమిషానికి కళ్ళజోడు తీసి తుడిచారు, తప్పంతా దానిదే అన్నట్టు. మూడో నిమిషంలో మూల దిమ్మ ఎటు తిప్పినా కుదరలేదు.

"టైమైంది సార్," అంది పిల్ల.

"ఇంకాస్త టైమిస్తే వచ్చేస్తుంది," అన్నారు ప్రిన్సిపాల్.

అన్నాక ఆయన చెయ్యి దిమ్మ మీదే ఆగిపోయింది. మేడం రిపోర్టు మూడో పేజీ తెరిచి ఆయన వైపు తిప్పారు.

పిల్ల వాచీ ఆపేసి బల్ల మీద బోర్లా పెట్టింది. "నిదానంగా చేయండి సార్."

మరో నాలుగు నిమిషాలకి బొమ్మ కుదిరింది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఎన్ని మార్కులమ్మా?"

"పూర్తిగా వేస్తాను సార్. టైం ఎక్కువైనా తగ్గించను."

ఆయన మూడో పేజీ చివరిదాకా చదివారు. తెచ్చిన ఉత్తర్వుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఫైల్లో ఐదో తరగతి అని రాసి సంతకం పెట్టారు.

పిల్ల బయట బెంచీ దగ్గరికి పరిగెత్తింది.

"నాన్నా, మా సార్ పాసయ్యారు."

"మరి నువ్వో?"

"నేను కూడా."