నడుము విప్పి ఉన్న బండి

“మేడమ్ గారూ, మీ బండి షెడ్డులోనే ఉందండీ. భద్రంగానే ఉంది. మేస్త్రీ గారు మాత్రం పోయారండీ, తెల్లారుజామున.”

సత్తెనపల్లిలో ఆ షెడ్డు పక్కనే టీ కొట్టు నడిపే ఆయన ఫోను చేసి చెప్పిన మాటలివి. సరిగ్గా ఆ వరుసలోనే చెప్పాడు. ముందు బండి, తర్వాత మనిషి. వినగానే నాకు కోపం రావాల్సింది. రాలేదు. అతనికి నేను బండి మేడమ్‌ని, అంతే. నాకు చేరవలసిన కబుర్లలో మొదటిది బండిదే అని అతను అనుకోవడంలో తప్పేముంది?

ఆ రోజు సెలవు చీటీ రాయబోయాను. పోయినవారు మీకేమవుతారు అని అందులో ఒక గడి ఉంటుంది. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ గడిని చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆ కాగితం పక్కన పెట్టి ఇంకో చీటీ మీద ‘సొంత పని’ అని రాసిచ్చాను. పక్క సీటు ఆవిడ ఏమైందని అడిగితే మా మెకానిక్ పోయారని చెప్పాను. “అయ్యో, మరి బండెలా?” అందావిడ.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఒక మెకానిక్ కోసం ఈవిడ ఇంత రాస్తుందేమిటి అనుకుంటారు. మిరపకి, పత్తికి వచ్చే తెగుళ్ళు చూడటం నా ఉద్యోగం. గుంటూరులో ఒక్కదాన్నే ఉంటాను. నాకు మనుషులంటే చేలల్లో ఉన్నవాళ్ళే. ఆకు ముడుచుకుందనీ, మొక్క నిలువునా వడిలిందనీ ఫోను చేస్తారు, వెళ్తాను. ఆ కాసేపు చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు, నా మాట వింటారు, నన్ను తిడతారు కూడా. తిరిగొచ్చి ఇంటి తాళం తీశాక మళ్ళీ ఫోను మోగేదాకా మాట్లాడే పని ఉండదు.

ఆ చేలకి వెళ్ళాలంటే నల్లరేగడి దాటాలి. వాన పడ్డాక ఆ మట్టి ఎలా పట్టుకుంటుందో ఈ వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మామూలు కార్లకి రెండు చక్రాలే లాగుతాయి. నా కారుకి నాలుగూ లాగుతాయి. పద్దెనిమిదేళ్ళ బండి. చేసిన కంపెనీ మన దేశంలో అమ్మకాలు ఎప్పుడో ఆపేసింది. పదకొండేళ్ళ క్రితం నేను దాన్ని పాతదిగా కొన్నప్పుడు గుంటూరులో ఎవరూ చెయ్యి వెయ్యనన్నారు. “సత్తెనపల్లిలో ఒకాయన ఉన్నాడు, చెవితో చేస్తాడు” అని ఎవరో చెబితే వెళ్ళాను.

నిజంగానే చెవితో చేసేవారు. ఇంజను ఆన్ చెయ్యమని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు. నేనేదో వివరించబోతే ఇంకో చెయ్యి పైకెత్తి ఆపేవారు. “మీరాగండమ్మా. అది చెబుతుంది కదా.” వాళ్ళ నాన్న పరుపులకి దూది ఏకేవాడట. ఆ విల్లు తీగ మోత వింటూ పెరిగానని, తీగ వదులైతే పక్క వీధిలోంచే తెలిసేదని చెప్పారొకసారి. ఆ తర్వాత పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు పని, ఆ తర్వాత ఈ షెడ్డు.

నన్ను కుర్చీలో కూర్చోనిచ్చేవారు కాదు. టార్చి నా చేతికిచ్చి కిందకి వంగమనేవారు. “పైరుకి తెగులొస్తే ఆకు తిప్పి అడుగున చూస్తారా లేదా? మరి బండి అడుగున ఎందుకు చూడరు?” ఆయిలు కొలిచే పుల్లని తుడవకుండా చూసినందుకు మొదటి ఏడాదంతా ఎగతాళి చేశారు. టీ కొట్టు ఆయన్ని పిలిచి మరీ చెప్పేవారు. “ఏరా, విన్నావా? పెద్ద చదువులు చదివొచ్చారు, పుల్ల తుడవటం సిలబస్‌లో లేదంట!” నాకు ఉక్రోషం వచ్చేది. ఇంటికెళ్ళాక అదే తలుచుకుని నవ్వుకునేదాన్ని.

పని చేసేటప్పుడు ఆయనకో పద్ధతి ఉండేది. ఒక తెల్ల దుప్పటి పరిచి, ఊడదీసిన ప్రతి ముక్కనీ కుడి నుంచి ఎడమకి, తీసిన వరుసలో పేర్చేవారు. మళ్ళీ బిగించేటప్పుడు ఎడమ నుంచి మొదలుపెట్టేవారు. కాగితం, పుస్తకం ఏమీ ఉండేవి కావు. ఆ దుప్పటి మీద మాత్రం ఎవరి నీడా పడనిచ్చేవారు కాదు.

నా ఇంటి సంగతులు ఆయన ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, వానలో పని ఆలస్యమైతే, “ఇంటికాడ ఎవరన్నా ఎదురు చూస్తుంటారామ్మా, ఫోన్ చేసి చెబుతారా?” అన్నారు. ఎవరూ లేరండీ అన్నాను. షెడ్డు పక్కన, వీధి వైపుగా వాళ్ళ ఇల్లు. కాసేపటికి ఆయన భార్య పళ్ళెంలో అన్నం, గోంగూర పచ్చడి పెట్టి తెచ్చిచ్చింది. అప్పటి నుంచి నేను షెడ్డులోంచి బయల్దేరిన గంటన్నరకి ఫోను వచ్చేది. “చేరిందా?” అంతే. బండి చేరిందా అని. చేరిందండీ అనేదాన్ని, పెట్టేసేవారు. పదకొండేళ్ళలో నేను ఎక్కడికైనా చేరానో లేదో కనుక్కున్న మనిషి ఆయనొక్కరే. ఆయన అడిగింది బండి గురించేనా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. అప్పుడు రాలేదు.

ఇక నా తప్పు చెప్పాలి.

ఈ ఏడు ఒక ఆదివారం కొత్తపట్నం వెళ్ళాను, పనేమీ లేకుండా, సముద్రం చూడటానికి. తిరిగొస్తుంటే ఒంగోలు దగ్గర ముందు టైరు పగిలింది. దుకాణంలో వాళ్ళు ముందు రెండూ జతగా మార్చుకోమన్నారు. మామూలు కార్లకి అది మంచి సలహానే. నా బండికి కాదు. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చాలని మేస్త్రీ గారు ఎన్నోసార్లు చెప్పారు. కొత్త టైరు ఎత్తుగా, అరిగింది పొట్టిగా ఉంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడక కలవదు. ఆ పెనుగులాటంతా రెంటినీ కలిపే మధ్య భాగం మీద పడుతుంది. దాన్ని ఆయన ‘నడుము’ అనేవారు. “పొట్టెద్దునీ పొడుగెద్దునీ ఒకే కాడికి కడితే ఏమైద్దమ్మా? బండి నడవదని కాదు, నడిచిద్ది. కానీ మెడలు పుండ్లు పడతాయి.”

తెలిసీ రెండే వేయించాను. ఆ సాయంత్రం నాకు ఎవరికీ ఏదీ వివరించే ఓపిక లేదు. తర్వాత షెడ్డుకి వెళ్ళినా చెప్పలేదు. చెబితే ఏమంటారో అని భయం. నలభై ఆరేళ్ళదాన్ని, బడిపిల్లలా దాచాను. రెండు నెలలకి మలుపుల్లో బండి బిగుసుకున్నట్టు అవడం మొదలైంది, కింద నుంచి మూలుగు.

ఆయన ఈసారి బానెట్ మీద చెయ్యి పెట్టలేదు. లోపలికెళ్ళి పురికొస తెచ్చారు. ముందు టైరు చుట్టూ తిప్పి, కలిసిన చోట గుర్తుగా ముడేశారు. అదే పురికొస వెనక టైరుకి చుట్టారు. రెండు వేళ్ళ మేర మిగిలింది.

“ఇవెప్పుడు వేశారమ్మా?”

“ఈ మధ్యనే.”

“ఈ మధ్యంటే?”

“రెండు నెలలు.”

ఆయన పురికొస చుట్టుకున్నారు. “నాలుగూ ఒకేసారి మార్చాలని నేను మీకు చెప్పానా?”

“చెప్పారండీ. చాలాసార్లు.”

“హమ్మయ్య” అన్నారు. “చెప్పటం మర్చిపోయానేమోనని గుండెల్లో రాయి పడింది.”

తిట్టి ఉంటే బాగుండేది.

నడుము విప్పాలన్నారు. అందులో వేసే కొత్త ప్లేట్లు ఎక్కడి నుంచో తెప్పించారు. అప్పటికే ఆయనకి డెబ్బై దగ్గర పడ్డాయి. నేను చివరిసారి చూసినప్పుడు బండి కింద నుంచి రెండు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. “శుక్రవారం నమాజయ్యాక రండమ్మా, తిప్పి చూద్దాం” అని కింద నుంచే అన్నారు. శుక్రవారం ఆయన లేరు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ వయసులో మూడు రోజులు ఆయన్ని నేలమీద పడుకోబెట్టింది నా అబద్ధమే కదా అన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఇప్పటికీ వదల్లేదు.

ఆ రోజు వాళ్ళ వాకిట్లో నిలబడ్డాను. “మీరెవరండీ?” అని ఒకావిడ అడిగింది. “బండి...” అని షెడ్డు వైపు చూపించాను. అప్పుడే చూశాను. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చుట్టాలు షెడ్డంతా శుభ్రం చేసి చాపలు పరిచారు. దుప్పటి ఉతికి దండెం మీద వేశారు. దాని మీదున్న ముక్కలన్నీ ఏరి ఒక మిరపకాయల గోతంలో పోసి మూతి కట్టారు. ఒక్కటీ పోకుండా జాగ్రత్తగా ఏరామని ఒకతను నాకు భరోసా కూడా ఇచ్చాడు. నేను థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?

ఆ తర్వాత తుఫాను వానలు. చేలల్లో నీళ్ళు నిలిచి, మిరప వడిలిపోతోందని ఫోన్లు. ఆఫీసు జీపు రోడ్డు మీదే ఆగిపోయింది. మా పై అధికారి మెత్తగానే అన్నారు, “లాబ్‌లో కూర్చుని చేసే సీటొకటి ఖాళీగా ఉంది. ఈ వయసులో మీకెందుకండీ ఆ బురద? సోమవారానికి రాసివ్వండి.” ఆ కాగితం మీద సంతకం పెడితే నాకిక చేలూ లేవు, మనుషులూ లేరు. పెట్టడానికి పెన్ను తీశాను కూడా. బండి నడిచే దారి ఏదీ కనబడలేదు మరి.

ఆఖరి ప్రయత్నంగా, ఒకప్పుడు మేస్త్రీ గారి దగ్గర పని నేర్చుకుని నరసరావుపేటలో షెడ్డు పెట్టుకున్న పెద్దాయన్ని ఆ శనివారం బతిమాలి తీసుకొచ్చాను. నాలుగు కొత్త టైర్లూ వెంట తెచ్చాను. ఆయన గోతం మూతి విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. “బిగించటం నాకొచ్చండీ. కానీ ఇందులో ఒకేలా కనబడే వాషర్లు పన్నెండున్నాయి. ఒక్కోటి ఒక్కో మందం. ఏది ఎక్కడో మా గురువుకే తెలుసు. అటూ ఇటూ అయితే నడుము మళ్ళీ పోద్ది. నేను ముట్టుకోను.”

అప్పుడు ఇంట్లో తలుపు తెర వెనక నుంచి మాట వినిపించింది. “ఆ గోతం ఇటు పట్రామ్మా.”

మేస్త్రీ గారి భార్య. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆవిడ ఇల్లు కదలకూడదు, పరాయి మగవాళ్ళ కంటపడకూడదు. ఇద్దత్ అంటారు. నరసరావుపేట మెకానిక్ లోపలికి వెళ్ళలేడు, ఆవిడ బయటికి రాలేదు. మధ్యలో తిరగగలిగింది నేనొక్కదాన్నే. దుఃఖంలో ఉన్న ఇంట్లోకి జిడ్డు గోతం ఎలా ఈడ్చుకెళ్ళనని గుమ్మంలో ఆగాను. “రామ్మా, నీళ్ళు నముల్తావేంటి?” అందావిడ. “ముప్ఫై ఏళ్ళు ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగింది ఎవరనుకున్నావ్?”

నేల మీద కూర్చుని గోతం కుమ్మరించాం. దాంతోపాటే మిరప పొడి లేచింది. ఇద్దరం తుమ్ములే తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు, వేళ్ళు మంట. “శుభ్రం చేశార్రా నాయనా, పోపు పెట్టి మరీ చేశారు!” అని ఆవిడ తుమ్ముల మధ్య నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం ఆగాం. ఆవిడ పైట చెంగుతో చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. అది మిరప ఘాటు కాదని నాకు తెలుసు.

ఒక్కో వాషర్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూసేది. “ఇది ముందు. ఇది కాదు. దీని అంచు గీసుకుపోయింది చూడు, ఇది బేరింగు వెనకాల.” నేను పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. “దీని తర్వాత ఏంటో అడగండి” అనేవాడాయన. “స్ప్రింగు బిళ్ళ పెట్టమను, బోర్లా పెట్టమను. వాడు నేర్చుకునే రోజుల్లోనూ దాన్ని వెల్లకిలా పెట్టేవాడు, దెబ్బలు తినేవాడు” అనేది తెరలోపల నుంచి. “నిజమేనండీ” అని బయట నుంచి జవాబు. అలా మధ్యాహ్నం దాకా తిరిగాను.

ఒక ముక్క కోసం వెతుకుతున్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. “నావల్లేనా అండీ? ఆ మూడు రోజులూ కింద పడుకోకపోతే...”

ఆవిడ చెయ్యి ఆపలేదు. “దానివల్ల పోయాడో, దానివల్లే ఇన్నాళ్ళున్నాడో మనకేం తెలుసమ్మా. ఆ బిళ్ళ ఇటివ్వు.”

కొత్త టైర్లు కూడా బిగించాక, సాయంత్రం నాలుగింటికి బండి కదిలింది. వీధి చివరి ఖాళీ స్థలంలో గుండ్రంగా తిప్పాను, కుడికోసారి, ఎడమకోసారి. బిగుసుకోలేదు. మూలగలేదు. మెకానిక్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, “ఇంక తోలుకోండి” అన్నాడు. పనిముట్లు సర్దేదాకా ఉండమంటే బండిని షెడ్డులోకి తెచ్చి ఆపాను. సోమవారం కాగితం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సంతకం పెట్టనని ఆ సీట్లో కూర్చునే అనుకున్నాను.

మెకానిక్ వెళ్ళిపోయాక వెనక్కి తీయాల్సి వచ్చింది. షెడ్డులోంచి వీధిలోకి వచ్చే దారి ఇరుకు, ఒక పక్క వాళ్ళ ఇంటి గోడ, ఒక పక్క కాలువ. ఎప్పుడూ వెనక నిలబడి చూసేవారు ఒకరుండేవారు. ఈసారి లేరు. అంగుళం అంగుళం వెనక్కి వస్తూ అద్దంలోకి చూశాను. ఆ గోడకున్న కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంది. ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి మోచేతి దాకా బయటికి వచ్చింది, వేళ్ళనిండా నల్లటి గ్రీజు. రానీ రానీ అన్నట్టు ఊగుతోంది. కాస్త ఎడమకి అంది. మళ్ళీ రానీ అంది. వెనక చక్రాలు కాలువ పక్క నుంచి వీధిలోకి రాగానే అరచెయ్యి తెరుచుకుని, గాలిలో అలాగే నిలిచిపోయింది.