మా ఊకో, వాళ్ల ఓకే

నాకు ఇంగ్లీషు రాదన్న సంగతి ముప్పయ్యేళ్లు దగ్గర పడుతుండగా తెలిసింది. అప్పటిదాకా వచ్చనే అనుకున్నాను. పదో తరగతి దాకా జగదేవ్‌పూర్‌లో తెలుగు మీడియమే అయినా, డిగ్రీలో పోషకాహార శాస్త్రం అంతా ఇంగ్లీషులోనే చదివాను. విటమిన్ల పేర్లు స్పెల్లింగుతో సహా నోటికొచ్చు. విదేశంలో పైచదువు కోసం రాసిన ఇంగ్లీషు పరీక్షలో చదవడం, రాయడం, వినడం మూడూ గట్టెక్కాయి. మాట్లాడడం దగ్గర బోల్తా పడ్డాను.

తప్పు నాది కాదు, ప్రశ్నది. "మీరు ఒంటరిగా, ప్రశాంతంగా గడిపే చోటు గురించి చెప్పండి" అన్నాడు పరీక్ష పెట్టినాయన. మూడున్నరేళ్ల పిల్ల ఉన్న తల్లిని అడగాల్సిన ప్రశ్నేనా అది? నిజం చెప్పాలంటే బాత్రూం. అక్కడా పూర్తి ప్రశాంతత లేదు. తలుపు కింది సందులోంచి చిన్న వేళ్లు లోపలికొస్తాయి, "అమ్మా, ఏంజేస్తున్నవ్?" అని విచారణ మొదలవుతుంది. దీన్ని ఇంగ్లీషులో మర్యాదగా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ చాలాసేపు నోరు తెరుచుకుని కూర్చున్నాను. చివరికి అబద్ధమే మేలనుకుని మా సిద్దిపేట కోమటి చెరువు కట్ట అన్నాను. కట్టను ఇంగ్లీషులో ఏమంటారో గుర్తుకు రాలేదు. "పొడుగాటి మట్టి గోడ, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఐస్‌క్రీం" అని వర్ణించాను. ఆయన తల ఊపాడు. మార్కులు మాత్రం కదల్లేదు.

అలా సీటు ఇస్తామన్న యూనివర్సిటీలన్నీ ఒకటే మాట అన్నాయి. రండి, కానీ ముందు మా దగ్గరే కొన్ని నెలలు ఇంగ్లీషు కోర్సు చదవండి, అది పాసైతే అసలు చదువులోకి తీసుకుంటాం. కాబట్టి నేనిప్పుడు ఎంచుకోవాల్సింది పోషకాహారం ఎక్కడ చదవాలనేది కాదు, ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకోవాలనేది.

ఈ మాట ఇంట్లో చెప్పగానే మా అత్తమ్మ చేస్తున్న పని ఆపింది.

"ఇంగ్లీషు నేర్సుకోనీకి గంత దూరం పోవుడేందే? గీడ గల్లికో కాన్వెంటున్నది. రేపటి సంది పిల్లతోని నువ్వు గూడ ఆటో ఎక్కు."

"ఎల్‌కేజీలో నన్ను తీసుకోరత్తమ్మా."

"ఎందుకు తీస్కోరు? నీకన్న మొండిగున్నోళ్లను తీస్కుంటున్నరు."

మా ఆయనకు విత్తనాల షాపు ఉంది. పొద్దస్తమానం రైతులకు ఏ మక్క వేస్తే మంచిదో, ఏ పత్తి వేస్తే మునుగుతారో చెప్పే మనిషి. నేను అడిగితే మాత్రం "నీ ఇష్టం" అంటాడు. ఆ రెండు మాటలకు భయపడినంతగా నేను పరీక్షలకు కూడా భయపడలేదు. నీ ఇష్టం అంటే తర్వాత ఏం జరిగినా అది నీదే అని.

ఇక సలహాకు మిగిలింది విదేశీ చదువుల కన్సల్టెంటు. టిఫిన్ సెంటర్ మీది అంతస్తులో ఆయన ఆఫీసు. కింద మిర్చి బజ్జీ వేగుతుంటే పైన భవిష్యత్తు వేగుతూ ఉంటుంది. నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. దేశాల గురించి బస్సు రూట్ల లాగా మాట్లాడతాడు. "అక్కా, గా దేశం ఈ నెల కొంచెం టైటున్నది. ఇంకో దేశం ఖుల్లా ఉన్నది."

ఆయన నా ముందు పరిచిన రంగురంగుల పుస్తకాల్లో అన్ని యూనివర్సిటీలూ ఒకేలా ఉన్నాయి. పచ్చటి గడ్డి మీద నలుగురైదుగురు కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని నవ్వుతుంటారు. ఇంగ్లీషు రాక అక్కడికి వచ్చినవాళ్లకు అంత నవ్వెలా వస్తోందో తెలియదు. మా వైపు గడ్డిలో కూర్చుని కనిపించేది కలుపు తీసేవాళ్లు. వాళ్లు కూడా నవ్వుతారు, అయితే ఎవరి మీదో చెప్పి మరీ నవ్వుతారు.

నాకు కావాల్సింది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. నా పిల్లను వెంట తెచ్చుకోవచ్చా? ఇంతే. లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో రాశారు, పడవ నడిపే క్లబ్బు ఉందని రాశారు. మూడున్నరేళ్ల పిల్ల సంగతి ఎవరూ రాయలేదు. గడ్డి మీద కూర్చున్న ఆ నలుగురిలో ఒక్కరి ఒళ్లోనైనా చీమిడి ముక్కు పిల్ల ఉంటే నేను కళ్లు మూసుకుని డబ్బు కట్టేదాన్ని.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెద్ద నగరంలో, గడియారం బురుజున్న పెద్ద పేరు యూనివర్సిటీ. రెండోది మనుషుల కన్నా గొర్రెలు ఎక్కువుండే దేశంలో, నాలుగు వీధుల ఊళ్లో చిన్న యూనివర్సిటీ. కన్సల్టెంటుకు మొదటిది ఖాయం. "ర్యాంకు చూడున్రి అక్కా, ర్యాంకు! గొర్ల దగ్గరికి పోయి ఏం నేర్సుకుంటరు?"

"పాప సంగతేంది తమ్మీ?"

"పాపను తర్వాత తెప్పిచ్చుకోవచ్చు అక్కా." మర్చిపోయిన చార్జర్‌ను కొరియర్‌లో తెప్పించుకోమన్నట్టు చెప్పాడు.

పెద్ద యూనివర్సిటీ వాళ్లు ఒకరోజు మధ్యాహ్నం వీడియోలో మాట్లాడతామన్నారు. ఇంగ్లీషు కోర్సు చూసే మేడం నన్ను నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, నేనూ అడగొచ్చు. నా ఒక్క ప్రశ్నను ఇంగ్లీషులో అద్దం ముందు నిలబడి ఎన్నో రోజులు చదివాను. ఆ రోజు మంచి చీర పైట వరకు చుట్టుకున్నాను. నడుము కింద నైటీయే అనుకోండి. వెనక బియ్యం బస్తాలు కనిపించకుండా దుప్పటి కట్టాను. పాపను పక్క గదిలో అత్తమ్మకు అప్పగించాను. అత్తమ్మ దాని చేతిలో సర్వపిండి ముక్క పెట్టింది.

సర్వపిండి తెలియనివాళ్ల కోసం చెప్తాను. బియ్యప్పిండిని గిన్నెకు అడుగున ఒత్తి, నూనె దిగాలని వేలితో అక్కడక్కడ బొక్కలు చేసి కాలుస్తాం. మా పాపకు రొట్టె కన్నా ఆ బొక్క మీద ప్రేమ. అందులోంచి లోకాన్ని చూస్తుంది. ఆ రోజు బొక్క చుట్టూ ఉన్నదంతా కొరుక్కు తినేసింది. తినేశాక చూస్తే బొక్క లేదు.

నేను మేడంకు నమస్కారం చెప్పి, నా పేరు చెప్పి, పోషకాహారం ఎందుకు ఇష్టమో సగం చెప్పేసరికి ఇంట్లో పిడుగు పడింది.

"నా బొక్క ఏదీ! నా బొక్క పోయిందీ!"

"నువ్వే తిన్నవ్ గదనే!" అని అత్తమ్మ.

"నేను పిండి తిన్న! బొక్క తినలే! బొక్క ఇయ్యీ!"

ఏడుస్తూ వచ్చి దుప్పటి లాగింది. బియ్యం బస్తాలు బయటపడ్డాయి. అదే సమయంలో నెట్ తడబడి మేడం మొహం ముక్కలైంది. కోర్సు అనీ, ఫ్యామిలీ అనీ ముక్కలు వినిపించాయి. చివర్లో ఏదో అడిగినట్టు గొంతు పైకి లేచింది. నేను పాప వైపు తిరిగి, దాని వీపు నిమురుతూ "ఊకో, ఊకో, ఊకో నా తల్లీ" అన్నాను. మళ్లీ తెర వైపు తిరిగేసరికి మేడం చాలా సంతోషంగా ఉంది. అద్భుతం అంది. చేయి ఊపింది. వెళ్లిపోయింది. నా ప్రశ్న నా నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు వాళ్ల మెయిల్ వచ్చింది. మా ఆయన షాపులో కూర్చుని ఫోన్‌లో చదివి ఇంటికొచ్చాడు. ఆయన ఇంగ్లీషు చదువుతాడు, మాట్లాడడు, ఆ విషయంలో నాకు సరైన జోడీ.

"సీటిచ్చిన్రు. అయితే ఒక్కదానివే పోతనని ఒప్పుకున్నవట గదా."

"ఎవరు ఒప్పుకున్నరు?"

"నువ్వే. గీడ రాసిన్రు సూడు. ఇంగ్లీషు కోర్సు అయ్యేదాక పాపను తెచ్చుకోనీకి లేదు, దానికి నువ్వు ఒప్పుకున్నందుకు వాళ్లకు సంతోషమట."

అత్తమ్మ వంటింటి గడప మీదికొచ్చి నిలబడింది. పాపను కొంగు చాటుకు లాక్కుంది. ఇన్నాళ్లూ ఈ చదువును ఎగతాళి చేసిందే కానీ, నేను పిల్లను వదిలేసి పోతానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటోంది. ఫోన్ తీసుకుని మెయిల్ నేనే చదివాను. మూడుసార్లు ఓకే అన్నానట. మూడుసార్లు అన్నందుకు నా పట్టుదలను మెచ్చుకున్నారు కూడా.

మూడుసార్లు అనగానే నాకు తట్టింది.

"నేను ఓకే అనలే! ఊకో అన్న! దాన్ని ఊకుంచిన అత్తమ్మా!"

ఇంట్లో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత మా ఆయన గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కింద కూర్చున్నాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు, ఆమెకు కోపమొచ్చింది, అదీ నా మీద కాదు.

"పిల్లను ఊకుంచితే ఒప్పుకున్నట్టా? పిల్ల ఏడుస్తుంటే తల్లి ఏమంటదో గా మాత్రం తెల్వదా ఆమెకు? గసొంటోళ్లు నీకేం నేర్పుతరే?"

ఆ రోజే జవాబు రాశాను. మా దగ్గర ఊకో అంటే ఏడుపు ఆపు అని, అది నా కూతురికి చెప్పిన మాట అని, ఆ ఏడుపుకు కారణం మాయమైన ఒక బొక్క అని వివరంగా రాశాను. పరీక్షలో చూపించలేకపోయిన ఇంగ్లీషంతా అందులో చూపించాను. వాళ్లు చాలా మర్యాదగా తిరిగి రాశారు. మీ భాష గురించి తెలియజేసినందుకు కృతజ్ఞతలు, నియమం మాత్రం మారదు.

మా ఆయన మొదటిసారి "నీ ఇష్టం" కాకుండా ఇంకో మాట అన్నాడు. "మేమున్నం గదా. సూసుకుంటం. కొన్ని నెలలే."

నాకు తెలుసు, చూసుకుంటారు. నా కన్నా బాగానే చూసుకుంటారేమో. నా గుబులు వాళ్ల గురించి కాదు. మూడున్నరేళ్ల పిల్ల రోజుకో కొత్త మాట నేర్చుకుంటుంది. నేనక్కడ ఇంగ్లీషు నేర్చుకుంటుంటే ఇది ఇక్కడ తెలుగు నేర్చుకుంటుంది, నేను లేకుండా. తిరిగొచ్చేసరికి దాని మాటల్లో సగం నాకు కొత్తవి అవుతాయి. ఇది పైకి చెప్పలేదు. చెప్పకపోయినా అత్తమ్మ పట్టేసింది.

"పిల్లను ఇడిసిపెట్టి పోతె నీకు ఇంగ్లీషేడికెల్లి అస్తది? ఏడుపస్తది. ఏడుస్తుంటె ఏ భాషైనా ఒక్కతీరే ఉంటది." తర్వాత అప్పటిదాకా ఎన్నడూ అడగని సంగతి అడిగింది. "గా గొర్లోళ్లు ఏమంటున్నరు?"

గొర్రెల దేశం వాళ్లతో మాట్లాడే రోజు నేను దుప్పటి కట్టలేదు. బియ్యం బస్తాల ముందే కూర్చున్నాను, పాపను ఒళ్లో పెట్టుకున్నాను. అవతల పెద్దాయన. ఆయన వెనక సోఫా మీద కుక్క. నమస్కారం పూర్తవుతుండగానే నా ప్రశ్న అడిగేశాను. ఇంగ్లీషు నేర్పే చోటికి పక్కనే పిల్లల్ని చూసుకునే బడి ఉందన్నాడు. మా కోర్సుకు తల్లులు వస్తారు, పిల్లలూ వస్తారు అన్నాడు. అయితే ఆ బడిలో చోటు తప్పకుండా దొరుకుతుందని మాటివ్వలేనని కూడా చెప్పాడు. నాకు ఆ రెండో మాటే నచ్చింది. ఇన్ని నెలల్లో మాటివ్వలేనని చెప్పిన మొదటి మనిషి ఆయన.

మీకు మా దగ్గర ఏం నేర్చుకోవాలని ఉందని అడిగాడు. పెద్ద యూనివర్సిటీ కథంతా చెప్పాను. ఊకోకూ ఓకేకూ తేడా తెలిసేలా మాట్లాడడం నేర్చుకోవాలన్నాను. ఆయన కథ విని పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకు కుక్క లేచి మొరగడం మొదలుపెట్టింది. ఆయన వెనక్కి తిరిగి దానితో "ఊకో!" అన్నాడు.

అది ఆగలేదు. ఇంకా గట్టిగా మొరిగింది. మా పాప నా ఒళ్లోంచి ముందుకు వంగి, తెరకు మూతి ఆనించి, "అట్ల గాదు తాతా, వీపు నిమురాలె!" అంది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆయన నిమిరాడు. కుక్క ఊకుంది.

నిన్న సాయంత్రం కన్సల్టెంటు ఫోన్ చేశాడు. ఆ బడిలో చోటు సంగతి ఇంకా తేలలేదు. పాపను మొదటి రోజు అక్కడ వదిలి వచ్చేటప్పుడు ఎంత ఏడుస్తుందో, దాని ఏడుపు తెలుగులో ఉందని ఎవరికైనా అర్థమవుతుందో లేదో అని నాకు గుబులు గుబులుగానే ఉంది. సర్వపిండి గిన్నె సామానులో పడుతుందా అని అత్తమ్మ అడుగుతోంది. ఇవేవీ ఆయనకు పట్టవు.

"అక్కా, ఆఖరిసారి చెప్తున్న. పెద్ద యూనివర్సిటీ సీటు ఇడిసిపెట్టుకోకున్రి. పాపను తర్వాత తెప్పిచ్చుకుందురు. దాన్నే ఖాయం చేస్తున్న, ఓకేనా?"

"ఊకో తమ్మీ" అన్నాను.

ఆయనది సిద్దిపేటే కాబట్టి సరిగ్గా అర్థమైంది. కాసేపు ఊకున్నాడు. తర్వాత గొర్రెల దేశానికి కాగితాలు ఎప్పుడు పంపాలో చెప్పాడు.