మామయ్య తుపాకీకి మందు తూచిన రోజులు

కరీంనగర్‌లో ఇంటిపట్టున కేకులు చేసి అమ్ముతున్న మా కోడలు, ధర తక్కువగా ఉండాలి, తూకం మాత్రం తప్పకూడదు అంటూ రోజుల తరబడి ఫోనులో వెతికి, మొన్న అరచేతిలో పట్టే ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాంటా తెప్పించింది. దాని మీద చిటికెడు ఈస్టు వేసి చూడమని నాకే ఇచ్చింది. నా ఊపిరి తగిలి అంకెలు కిందికీ పైకీ కదులుతుంటే నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. చెంచా కింద పెట్టేసి, కళ్లజోడు సరిగా లేదని ఏదో వంక చెప్పి లేచి వచ్చాను. కేకులోకి వేసే పొడికే ఇంత కంగారా అని కోడలు నవ్వింది. నవ్వదూ మరి, ఈ అత్త ఒకప్పుడు తుపాకీ మందు తూచిందని దానికేం తెలుసు.

మాది మంథని వైపు, గోదావరి ఒడ్డు. వరిపొలాలు తప్ప అడవి చూసి ఎరగని నన్ను ఖానాపూర్ అవతల, చేను దాటితే అడవే ఉన్న ఊరికి ఇచ్చారు. పెళ్లయిన కొద్ది నెలలకే మా ఆయన మస్కట్ వెళ్లిపోతే ఇంట్లో అత్తమ్మ, మామయ్య, నేను మిగిలాం. మక్కచేను కంకి పోసుకునే రోజుల్లో అడవిపందులు మందలు మందలుగా వచ్చి పడేవి. మీలో అటువైపు చేలు ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అవి తినేదానికన్నా తొక్కి పాడుచేసేదే ఎక్కువ. వాటిని బెదరగొట్టడానికి మామయ్య దగ్గర సర్కారు లైసెన్సు ఉన్న పాతకాలపు తుపాకీ ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, ఇనుపచువ్వతో దట్టించే రకం. దాన్ని దూలానికి తగిలించి ఉంచితే దాని కింది నుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా నేను తల వంచుకుని పోయేదాన్ని.

ఆ మందుకు మామయ్య కొలత దున్నపోతు కొమ్ము మొన. దాని నిండా పోసి గొట్టంలో వంచితే సరిపోయేది. చువ్వతో దట్టించాక ఆ చువ్వ గొట్టం పైన ఎన్ని వేళ్ల ఎత్తు నిలబడిందో చేత్తో పట్టి, లోపల మందు ఎంత పడిందో అంచనా కట్టుకునేవారు, అది ఆ వైపు తుపాకీ పట్టే ఇళ్లన్నిటిలో ఉన్న అలవాటే. ఇంతలో ఆయన కళ్లకు పొర కమ్మింది, చెయ్యి వణకడం మొదలైంది, కొమ్ము నిండింది ఎంతో కింద ఒలికింది ఎంతో ఆయనకే తెలియకుండా పోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పక్క ఊరి పెద్దాయన ఒకాయన విత్తనాల కోసం మా ఇంటికి వచ్చాడు. మందు ఎక్కువై తుపాకీ గొట్టం పగిలితే మనిషి ముఖం ఏమవుతుందో ఆ రోజు చూశాను. ఒక కన్ను లేదు, చెంప సగం ముడుచుకుపోయి ఉంది. ఆయనకు మంచినీళ్లు ఇచ్చి లోపలికి వచ్చి వాంతి చేసుకున్నాను.

అత్తమ్మ భయపడింది కానీ, భయపడితే ఊరుకునే మనిషి కాదు. అంగడి రోజున నన్ను వెంటబెట్టుకుని నిర్మల్ తీసుకుపోయింది. తుపాకీ ఆపమంటే మామయ్య వినరు, ఆపితే ఏడాది తిండి పందుల పాలు, కాబట్టి కొమ్ము మానేసి మందును తూచి పోయాలని ఆమె నిశ్చయం. దుకాణంలో తళతళలాడే కొత్త త్రాసు ధర వినగానే ఆమె కొంగు ముడి గట్టిగా పట్టుకుని బయటికి నడిచింది. నగలు చేసే అవుసులాయన ఇంట్లో పాతవి రెండు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి చూడటానికి ముచ్చటగా ఉంది, రెండోది నల్లబడి, దారాలు మార్చి మార్చి అతుకులబొంతలా ఉంది.

“సొగసు జూసి కొనకు శెల్లే,” అన్నాడాయన. “ఇటుపక్క పెట్టింది అటుపక్కకు మార్చి సూడు. రెండుదిక్కుల ఒక్కతీరు జోకినదే కాంటా.”

అటు మార్చి చూస్తే ముచ్చటైనది తప్పింది, నల్లనిది నిలబడింది. అలా ఆ నల్ల త్రాసు, తూకపు రాళ్లకు బదులు ఏరి ఏరి ఒకే తీరువి పట్టిన గురిగింజలు మా ఇంటికి వచ్చాయి.

“నీ కండ్లు పడుసుయి, నీ శెయ్యి వణకది, నువ్వే జోకాలె బిడ్డా,” అంది అత్తమ్మ. పొయ్యికి దూరంగా, గాలి తగలని మూల కూర్చుని ఒక పళ్లెంలో సరిగ్గా నిండిన కొమ్ముకు తూగే లెక్కన గురిగింజలు, ఇంకో పళ్లెంలో మందు వేసి, ఒక్కో వేటుకు ఒక్కో పొట్లం కట్టేదాన్ని. ఎక్కువైతే పక్క ఊరి పెద్దాయన ముఖం, తక్కువైతే పంది బెదరక మామయ్య మీదికి రావడం, ఈ రెండూ తప్ప నాకు ఇంకేమీ కనిపించేవి కావు. సాయంత్రం ఆయన పొట్లాలు జేబులో వేసుకుని మంచె మీదికి పోతే, తెల్లారి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా నాకు నిద్ర ఉండేది కాదు. ఈ సంగతి మా ఆయనకు రాసే ఉత్తరాల్లో ఒక్కసారి కూడా రాయలేదు, పరదేశంలో ఉన్న మనిషికి ఎందుకీ పరేషాన్ అని.

దసరా వచ్చింది. మన ఇళ్లలో ఆ పండగకు పనిముట్లన్నిటికీ పసుపు, కుంకుమ పెడతాం కదా. నాగలికీ కొడవళ్లకూ తుపాకీకీ పెట్టిన అత్తమ్మ, ఇంటాయన ప్రాణం కాపాడుతున్నది ఇదేనని త్రాసుకు కూడా పెట్టింది. మందు పోసే పళ్లేనికి తడి తగలకూడదని ఆమెకు తెలుసు, అందుకని ఎంతో జాగ్రత్తగా దాన్ని వదిలేసి, గురిగింజలు వేసే పళ్లేనికి మాత్రమే, అదీ ఎవరికీ అడ్డం రాకుండా అడుగున, చిక్కటి పసుపు ముద్ద మెత్తి, కుంకుమ పెట్టి, పైన నాలుగు అక్షింతలు అద్దింది. నేను చుట్టాలకు పిండివంటలు పెట్టి, వాళ్లు వెళ్లాక ఆ హడావుడిలోనే పొట్లాలు కట్టాను. మామయ్య పొద్దు వాలుతుండగా వాటిని తీసుకుని చేనుకు పోయారు.

త్రాసును గుడ్డలో చుడుతుంటే నా వేలికి ఆ ఎండిన పెళ్లు తగిలింది. ఖాళీ త్రాసును ఎత్తి పట్టుకుంటే గురిగింజల వైపు పళ్లెం కిందికి దిగి కూర్చుంది. అది దిగినంత మేరా ప్రతి పొట్లంలోనూ మందు ఎక్కువ పడిందన్నమాట. అత్తమ్మకు పళ్లెం తిప్పి చూపించాను, ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

ఇద్దరం పరుగెత్తాం. ఒర్రె నీళ్లు దాటి మక్కచేనులో పడ్డాక ఆకులు ముఖాన్ని కోస్తుంటే, మామా, మామా, కాల్చకు, అని అరుస్తూనే ఉన్నాను. నా అరుపు నాకే వినిపించనంతగా ఆకుల గలగల. అప్పుడు పేలింది. రోజూ వినే చప్పుడు కాదది, కాళ్ల కింది నేల అదిరింది, అడవిలోంచి పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ తర్వాత మనిషి గొంతు ఏదీ వినిపించలేదు. అత్తమ్మ చేను మధ్యలో కూలబడి పుస్తెలు గుప్పిట పట్టుకుంది. “నా శేతులతోటే బొట్టు పెట్టిన గదనే,” అన్నది. ఆమెను అక్కడే వదిలి నేను ముందుకు పోయాను, పోతూ మామయ్య ముఖం ఎలా ఉంటుందో మనసులో ముందే చూసేశాను.

మామయ్య మంచె కింద మట్టిలో కూర్చుని ఉన్నారు. ముఖం మసి, కానీ రెండు కళ్లూ ఉన్నాయి. గొట్టం మొదట్లో ఉబ్బి పగులు వారిన తుపాకీ దూరంగా పడి ఉంది, కుడి చెవిలోంచి నెత్తురు కారుతోంది. తన మాట తనకు వినిపించక గట్టిగా మాట్లాడుతున్నారు.

“శువ్వ ఎప్పటికన్న రెండు వేళ్లు పైకి నిలవడ్డది బిడ్డా. నా వేళ్లదే తప్పనుకున్న. నువ్వు జోకినవ్ గద, నువ్వు జోకింది తప్పుతదా అని కాల్చిన.”

ఆయన కాళ్ల మీద పడి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆ చెవికి ఇక వినిపించదు.

తుపాకీ పోలీసు ఠాణాలో అప్పగించాం. డబ్బాలు కొట్టాం, చేను చుట్టూ పాత చీరలు కట్టాం. ఇప్పుడు ఆ చేలకు సోలారు తీగలు వచ్చాయి, కుక్క అరుపులు అరిచే మైకులు వచ్చాయి, పంటకోసం మనిషి ప్రాణం ఒడ్డే పని తప్పింది, మంచిదే.

మామయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. చివరి రోజుల్లో రక్తపోటు గోళీలు నా చేతి మీదుగానే వేసుకునేవారు. ఏ గోళీ అని చూసేవారు కాదు, నేను రాగానే అరచెయ్యి చాపేవారు. ఒక్కసారి చూసుకో మామా అని, కాస్త వినిపించే ఎడమ చెవి దగ్గర బతిమాలేదాన్ని. “నువ్విచ్చినంక సూసుడేంది,” అని నోట్లో వేసుకునేవారు. ఆయన గొంతు దిగేదాకా నా గుండె దడదడలాడేది. ఇప్పటి పిల్లలు నేను ఏది ఇచ్చినా అట్ట తిప్పి తారీకు చూసి, ఫోనులో పేరు కొట్టి చూసి గానీ మింగరు. అదే సరైన పద్ధతి, నేనూ అలాగే చూసుకోమంటాను. చూడకుండా చెయ్యి చాపే మనిషి ఇంట్లో లేనందువల్ల నాకిప్పుడు ఆ భయం లేదు. ఒక్కోరోజు పొద్దున్నే గోళీల వేళకు మెలకువ వస్తుంది, మంచం మీద కూర్చుని ఆ భయం కోసమే ఎదురుచూస్తుంటాను.