నాన్న కావాలని ఎంచిన ఎర

గోళ్ళరంగు సీసా మూత తీసినప్పుడల్లా ఆ ఘాటు వాసన వెంట మా క్లేటన్ అద్దె ఇంట్లోని వంటింటి బల్ల, దానిమీద పరిచిన పాత తెలుగు వారపత్రిక, ఆ పత్రిక మీదికి వంగిన నాన్న నడినెత్తి కనిపిస్తాయి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి ఆగిపోతాయని లోకమంతా భయపడింది. ఆ భయమే నాన్నకి ఉద్యోగమిచ్చి మమ్మల్ని మెల్‌బోర్న్ తీసుకొచ్చింది. తీరా ఏమీ కాలేదు. ఇక్కడ ఎండాకాలమైన ఆ జనవరిలో ఆఫీసులో పని పల్చబడి, నాన్నకి చేతినిండా శనివారాలు మిగిలాయి.

ఆయనకి ట్రౌట్ చేపల వేట చూపించినవాడు ఆఫీసులో పక్క సీటు గ్రేమ్. ఈ వేటలో వానపామూ పిండిముద్దా పనికిరావు. గాలానికి ఈకలూ దారమూ చుట్టి, నీటిమీద వాలిన పురుగులా భ్రమపెట్టాలి. ఆ ఎరని ఇక్కడివాళ్ళు ఫ్లై అంటారు, అమ్మ ఉత్తుత్తి పురుగు అనేది. నాన్న అమ్మ చీర అంచులోంచి పట్టుపోగులు లాగి, పార్కులో ఏరుకొచ్చిన ఈకలతో కలిపి చుట్టి, ముడి ఊడకుండా చివర అమ్మ గోళ్ళరంగు బొట్టు పెట్టేవాడు. బెండకాయ వేపుడు చల్లారిపోతున్నా అమ్మ బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగేది.

మొదట్లో నాన్నా నేనూ గ్రేమ్‌తో వెళ్ళేవాళ్ళం. యూకలిప్టస్ ఆకుల మందువాసన, మోకాళ్ళదాకా ఎండుగడ్డి, ముఖం మీద ముసిరే ఈగలు, ఎండలో సైతం కాళ్ళు కొరికే చల్లటి కొండవాగు. నాన్న వెంటనే గాలం వేసేవాడు కాదు. రాళ్ళు తిరగేసేవాడు, గడ్డి కదిపేవాడు, నీళ్ళవైపు చూస్తూ చాలాసేపు గొంతుక్కూర్చునేవాడు. బయట ఎక్కడా రాని మా ఊరి యాస అక్కడ మాత్రం ఆయన నోట్లోకి వచ్చేసేది.

"సూడమ్మా, మనకి నచ్చింది కాదు కట్టాల. చేప ఏటి తింతందో అది కట్టాల."

ఆ ఎండల్లో చేపలు తింటున్నవి మిడతలు. నాన్న గోధుమరంగు మిడత ఎర కట్టేవాడు. ఎర పడిన చోట నీరు చటుక్కున విచ్చుకునేది.

తాతయ్య భీమిలి దగ్గర పడవ మీద సముద్రంలోకి చేపల వేటకి వెళ్ళేవాడు. ఆ సంగతి మా ఇంట్లోనే ఉండాలి. మెల్‌బోర్న్‌లో మాకు దగ్గరైన తెలుగువాళ్ళు ప్రసాద్ అంకుల్ వాళ్ళింట్లోనూ, కేరమ్ డౌన్స్ గుడిలోనూ ఎవరైనా అడిగితే, మాది బీచ్ పక్కనే, మా నాన్నగారిది బిజినెస్ అని నాన్న ఎంతో శుద్ధమైన తెలుగులో చెప్పేవాడు. చేపలు వేయించే రోజున అమ్మ కిటికీలన్నీ తెరిచి అగరొత్తులు వెలిగించేది. నేను తలస్నానం చేశాక కూడా, గుడికి బయల్దేరేముందు నా జడ వాసన చూసేది.

ఒక శనివారం ప్రసాద్ అంకుల్, ఆంటీ మాతో వాగుకి వస్తామన్నారు. అంకుల్ నాన్నని 'బావగారూ' అని పిలిచేవారు. చుట్టాలు లేని దేశంలో ఆ పిలుపు వింటే అమ్మ ముఖం విప్పారేది. ఆంటీ పులిహోర, పెరుగువడలు తెచ్చి చెట్టుకింద దుప్పటి పరిచింది. ఎప్పటిలాగే మాతో వచ్చిన గ్రేమ్ తన ఎరల పెట్టె నాన్న చేతికిచ్చి వాగు ఎగువకి నడిచాడు.

"మీకు వచ్చా బావగారూ ఇదంతా?" అన్నారు అంకుల్.

"ఎక్కడండీ, చేప ముఖం చూసింది మార్కెట్‌లోనే."

"అంతేలెండి. ఇవి చేపలోళ్ళ విద్యలు, మనకెలా వస్తాయి?"

నాన్న నవ్వాడు. పెట్టెలోని మిడత ఎర మీద ఆయన వేలు ఒక్క క్షణం ఆగి, దాన్ని దాటిపోయి, గులాబీరంగులో తళతళలాడే పనికిరాని ఎరని ఎంచుకుంది. ఎదురుగా ఒడ్డునుంచి మిడతలు నీళ్ళలోకి ఎగిరిపడుతూనే ఉన్నాయి, చేపలు వాటిని అందుకుంటూనే ఉన్నాయి. నాన్న దారాన్ని చేతగానివాడిలా విసిరి చిక్కుపెట్టుకుని, తనమీద తనే జోకులు వేసుకున్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చిన గ్రేమ్ ఆ గులాబీ ఎరని చూసి పెద్దగా నవ్వాడు. ఈయన మీతో ఆటలాడుతున్నాడు, ఎర ఎంచడంలో నాకే గురువు, తండ్రి జీవితమంతా సముద్రంలో చేపలు పట్టినవాడు, ఇది ఈయన రక్తంలోనే ఉంది అని ఇంగ్లీషులో గర్వంగా చెప్పాడు. అతనికది పొగడ్త. రక్తమన్న మాట మావాళ్ళ చెవిలో ఎలా పడుతుందో అతనికేం తెలుసు.

ఆంటీ చేతిలో గరిటె ఆగింది. "అలాగా," అన్నారు అంకుల్. ఆ తర్వాత అందరూ మరీ మర్యాదగా తిన్నారు. అమ్మ తెచ్చిన గారెల డబ్బా మూత కూడా తీయకుండానే మాతో తిరిగొచ్చింది.

కారులో అమ్మ అడిగింది, గ్రేమ్‌కెందుకు చెప్పావని.

"ఆడు మా నాన్న ఏటి సేత్తాడని అడిగినాడు. ఇంగ్లీషులో అడిగితే దాసాలనిపించనేదు," అన్నాడు నాన్న.

ఎవరూ మమ్మల్ని వెలివేయలేదు. పుట్టినరోజులకి పిలుపులు వస్తూనే ఉన్నాయి. కానీ అంకుల్ మళ్ళీ ఎన్నడూ బావగారూ అనలేదు. నాన్నని పేరుపెట్టి, చివర గారు తగిలించి పిలిచేవారు. నాన్న గ్రేమ్ పెట్టె తిరిగిచ్చేసి, వాగుకి వెళ్ళడం మానేశాడు. తను చుట్టిన ఎరలన్నీ ఏం చేశాడో మేము అడగలేదు.

ఆ అద్దె ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. అమ్మ లేదు. పోయిన నెల నా కొడుకు, స్కూల్లో చెప్పాలంటూ, మీ నాన్న ఏం చేసేవాడని తాతని ఇంగ్లీషులో అడిగాడు. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. అయినా నాన్న జవాబిచ్చే ముందు నా ముఖం వైపు చూశాడు, చెప్పవచ్చా అన్నట్టు. నేను తల ఊపాను. ఆయన మెల్లగా పడవ గురించి, తెల్లవారుజామున మారే గాలుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గాలులకి తాతయ్య పెట్టుకున్న పేర్లు రెండు మా యాసలోనే చెప్పి ఆగిపోయాడు. వాటికి ఇంగ్లీషు లేదు. నా కొడుకు నావైపు తిరిగి, అమ్మా, అంటే ఏంటి అన్నాడు. నాకు తెలియదు. నేనెప్పుడూ ఆయన్ని అడగలేదు.