నీళ్లకు మీటరు పైన వేలాడే ఉచ్చు

మొన్న పొద్దున చాయ్ తాగుతుండగా మేనల్లుడు ఫోనులో ఒక కాగితం పంపాడు. వాడు ఆయిల్ ఓడ మీద సెరంగు, అంటే డెక్కు మీది ఖలాసీలందరికీ పెద్ద. వాళ్ల ఓడ డీజిలు నింపుకోవడానికి చైనాలో ఏదో రేవుకు వెళ్తోందట. రావాలంటే ఇవన్నీ పాటించండి అని ఆ రేవువాళ్లు ముందుగా పంపిన షరతుల జాబితా అది. లెక్కల మాస్టారికి శ్రమ తగ్గిద్దామని ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకు, ఆ ఇంగ్లీషు కాగితం చదవడానికి ఒక పూట పట్టింది. చదివాక నవ్వొచ్చింది. కొత్తల్లుణ్ణి గడప దాటించే ముందు కూడా ఏ అత్తగారూ ఇన్ని అడిగి ఉండదు. ఎవరెవరు వస్తున్నారో పేర్లు ముందే పంపాలి. ఒంట్లో బాగుందని రుజువు చూపించి, డాక్టరు సరేననేదాకా పసుపు జెండా ఎగరేసుకుని ఉండాలి. మందు సీసాల బీరువాకు సీలు వెయ్యాలి. మురికి నీళ్లు వదలకూడదు. ఎలుకలు దిగకుండా కట్టుతాళ్లకు రేకు బిళ్లలు తగిలించాలి. చివర్లో ఎక్కడో, ఓడ ముక్కున ఒకటి, తోకన ఒకటి ఫైర్‌వైర్లు వేలాడదీయాలి అని ఉంది. అక్కడికి వచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది.

కాగితం వెనకాలే వాడి గొంతు వచ్చింది. "మామా, అన్ని సరే గని గీ ఫైర్‌వైరు కత ఏంది? వేరే రేవులల్ల అడుగుతనే లేరు. గంటగంటకు పైకి గుంజుడు ఊకె తిప్పలు. ఒక్కపారి ఏసి ఇడిస్తే కాదా? నువ్వు గూడ చేసినవట గదా గీ పని." కుడి చెవితో రెండుసార్లు విన్నాను. ఎడమ చెవిలో గల్ఫ్ యుద్ధం నాటి నుంచీ ఒక తుమ్మెద కాపురం ఉంటోంది. ఎందరు డాక్టర్లు చెప్పినా ఖాళీ చెయ్యలేదు.

ఆ పని నాకు ఇప్పించింది మా బావ, అంటే వీడి తండ్రి. సౌదీలో రాస్ తనూరాకు ఎడంగా ఒక చిన్న రేవు ఉండేది. పెట్రోలు, డీజిలు ఓడల్లోకి నింపి పంపే జెట్టీ ఒకటి, దాని మీద మేం ఎనిమిది మందిమి. ఓడ వస్తే తాళ్లు అందుకుని ఇనప కొక్కేలకు తగిలించడం, పోయేటప్పుడు విడవడం మా పని. బావ మాకు ఫోర్‌మన్. పెళ్లి మాటలప్పుడు మా అక్కకు ఆయనలో నచ్చింది మీసం ఒక్కటే అని నేను అందరి ముందూ అనేవాణ్ణి. "నీ అక్కకు నచ్చకుంటే నీకు వీసా ఎట్లొస్తుండెరా బామ్మర్దీ" అని ఆయన అనేవాడు. నా మీద నోరు బాగానే పారేసుకునేవాడు గానీ, ఆ రోజు దాకా ఎన్నడూ చెయ్యెత్తలేదు. కొడుకు పుట్టాడని ఉత్తరంతో పాటు వచ్చిన ఫోటో ఆయన ఇకామా అనే అనుమతి పుస్తకంలోనే ఉండేది. గేటు దగ్గర పోలీసు అనుమతి చూపించమంటే ముందు కొడుకును చూపించేవాడు. వాణ్ణి కళ్లారా చూసింది లేదు. సెలవు దొరికేలోపు యుద్ధం వచ్చింది.

ఫైర్‌వైరు గురించి చెప్పాలి. ఓడ జెట్టీకి కట్టేసి ఉన్నప్పుడు, సముద్రం వైపున, ముక్కు నుంచి ఒకటి, తోక నుంచి ఒకటి లావుపాటి ఇనప తాళ్లు వేలాడతాయి. ఒక్కోదాని చివర తలకాయ పట్టేంత ఉచ్చు. ఓడకు నిప్పంటుకుంటే టగ్గులు, అంటే ఓడల్ని లాగే చిన్న బోట్లు, ఆ ఉచ్చులు తగిలించుకుని ఓడను జెట్టీ నుంచి దూరంగా ఈడ్చుకుపోవాలి. మంటల్లోకి మనిషి ఎక్కక్కర్లేదు. అందుకని ఉచ్చు ఎప్పుడూ నీళ్లకు మీటరు పైన ఉండాలి. చిక్కేమిటంటే, ఓడ నిండేకొద్దీ కిందికి దిగుతుంది, దానితో ఉచ్చూ మునుగుతుంది. ఓడవాళ్లు గంటగంటకూ పైకి లాగాలి. లాగారో లేదో మేం బోటులో చుట్టూ తిరిగి చూసి, పుస్తకంలో టిక్కు పెట్టాలి. జెట్టీ మీద నిలబడితే కనిపించదు, అది అవతలి వైపు కదా. జనవరి గాలికి ఆ బోటెక్కితే బనియన్ దాకా తడిసి, పళ్లు వాటంతటవే కథలు చెప్పేవి. ఆ టిక్కుల పుస్తకం నా చేతిలో ఉండేది.

అప్పుడు ఊరంతా సైన్యం, లారీలు, నడుముకు వేలాడే గ్యాసు మాస్కులు. క్షిపణి వస్తోందని సైరన్ మోగితే అందరం జెట్టీ మొదట్లో ఉన్న కాంక్రీటు గదిలోకి పరుగెత్తాలి. మొదటిసారి మోగినప్పుడు నేను మాస్కు తలకిందులుగా పెట్టుకుని పరుగెత్తాను. ఆ తర్వాత వారం పాటు నన్ను నేనే వెక్కిరించుకుని అందరినీ నవ్వించాను. భయమేస్తే జోకు వెయ్యడం నా అలవాటు. ఆ నెలల్లో నా అంత జోకులవాడు తూర్పు తీరంలో లేడు.

ఆ రోజు ఒక చీనా ఓడ పెట్రోలు నింపుకుంటోంది. నేను పొద్దున్నుంచీ చాయ్ గదిలో కూర్చుని, గంట కొట్టినప్పుడల్లా రెండు టిక్కులు పెడుతున్నాను. ముక్కు సరిగా ఉంది, తోక సరిగా ఉంది. టిక్కుకు ఒక జోకు. మధ్యాహ్నం బావకు ఏం తోచిందో తానే బోటు తీసుకుని అటు తిరిగొచ్చాడు. తడి బట్టలతో చాయ్ గది తలుపు దగ్గర నిలబడి, "బయిటికి రా" అన్నాడు. వెళ్లాను. పుస్తకం అడిగి టిక్కులన్నీ వేలితో ఒక్కొక్కటే తడుముతూ చూశాడు.

"చూసి పెట్టినవా?"

"చూస్తే మాత్రం ఏమున్నది బావా, వైరు ఏడికన్న లేచిపోతదా."

ఎడమ చెంప మీద పడింది. నేను వెళ్లి రైలింగుకు కొట్టుకున్నాను. పెదవి చిట్లింది, చెవిలో గుయ్యిమంది. "రెండు ఉచ్చులు నీళ్లల్లనే ఉన్నయ్‌రా. నిప్పు అంటుకుంటె దేన్ని పట్టి గుంజుతరు, నీ జోకులనా?" అని, పుస్తకం నా రొమ్ముకేసి కొట్టి ఓడ ఎక్కాడు. నేను చెంప పట్టుకుని వెనకాలే ఎక్కాను.

ఓడ సెరంగు డెక్కు మీద ఉన్నాడు. చీనావాడు, తలుపంత వెడల్పు మనిషి. పొద్దున్నుంచీ తన మనుషులతో వైరు లాగించనిది అతనే. చూసి చెప్పనిది నేను. బావకు చీనా రాదు, అతనికి హిందీ రాదు. బావ వేళ్లతో ఉచ్చు చుట్టి పైకెత్తి చూపించాడు. అతను చెయ్యి విదిలించి పొమ్మన్నాడు. బావ అతని భుజం పట్టి లాగాడు. అతను బావ మూతి మీద గుద్దాడు. ఆ తర్వాత భాష అవసరం రాలేదు. బావ తలతో అతని ముక్కు పగలగొట్టాడు. అతను బావను ఎత్తి పైపుల మీద కుదేశాడు. ఇద్దరూ డెక్కు మీద దొర్లుతూ పిడికిళ్లతో, మోచేతులతో, ఆఖరికి పళ్లతో కొట్టుకున్నారు. ఖలాసీలు గుండ్రంగా నిలబడి చూశారు. నేనూ చూశాను. చివరికి బావ అతని మెడ రైలింగు మీదుగా వంచి, కింద నీళ్లను చూపించాడు. ముక్కు వైపు ఉచ్చు ఉండాల్సిన చోట ఒట్టి నీళ్లు. చీనా సెరంగు అది చూసి, బావ చెయ్యి విడిపించుకుని, తన మనుషుల మీద అరిచాడు. ముక్కు వైపు ఉచ్చు నీళ్లు కార్చుకుంటూ పైకొచ్చింది, మీటరు ఎత్తుకు. అతను జేబులోంచి గుడ్డ పీలిక తీసి సగం చించి బావకిచ్చాడు. ఇద్దరూ రక్తం తుడుచుకుంటూ, పక్కపక్కనే, తోక వైపు ఉచ్చు కోసం నడిచారు.

సగం దూరం వెళ్లేసరికి సైరన్ మోగింది.

నేను అందరికంటే ముందు దిగి గదిలో పడ్డాను. పెట్రోలు వాల్వు దగ్గరి మనిషి కూడా నా వెనకే వచ్చాడు, వాల్వు మూయకుండా. అతన్ని నేనేమీ అనలేను. పైన ఆకాశంలో పెద్ద పేలుడు. గది కప్పు నుంచి సున్నం రాలింది. ఓడ ట్యాంకు నిండి పెట్రోలు డెక్కు మీదికి పొర్లుతోందని మాకెవరికీ తెలియదు. నిప్పు పైనుంచి రాలిన ముక్కదో, ఇంకెక్కడిదో, ఇన్నేళ్లయినా నాకు తెలియదు. రెండో చప్పుడు పైనుంచి రాలేదు, పక్కనుంచి వచ్చింది. తలుపు ఊడిపోయి లోపలికి పడింది. బయట ఓడ నడుము దగ్గర మంట నిలువుగా లేచి ఉంది. ఒక ఖలాసీ మండుతూనే నీళ్లలోకి దూకాడు. మా జెట్టీ వెనకాల పెట్రోలు ట్యాంకులు, వాటి వెనకాల మా క్యాంపు.

బావ ఓడ మెట్లు దిగి ఉరికొస్తూ, "కొక్కేలు ఇప్పుండ్రి" అని అరుస్తున్నాడు. అందరం పరుగెత్తాం. వేడికి నా మాస్కు గాజు మెత్తబడింది. సుత్తితో మీట కొడితే కొక్కెం తెరుచుకుంటుంది, తాడు నీళ్లలో పడుతుంది. ముందు వైపువన్నీ, వెనక ఒక్కటి తప్ప మిగతావీ విప్పాం. మొదటి టగ్గు వచ్చి ముక్కు ఉచ్చును ఒక్క ఊపులో తగిలించుకుంది. రెండోది తోక దగ్గరికి వెళ్లింది. దాని మనుషులు పొడుగాటి కర్రలతో నీళ్లు కెలుకుతున్నారు. సైరన్ మోగాక దాన్ని లాగినవాళ్లు లేరు, ఉచ్చు నీళ్లలోనే ఉంది. నా టిక్కు నా జేబులో ఉంది.

మొదటి టగ్గు ఆగలేదు, ఆగితే అందరం పోతాం. ముక్కు బయటికి తిరిగింది, తోక జెట్టీకే ఉండిపోయింది. ఓడ బరువంతా వెనకున్న ఒక్క తాడు మీద పడింది. రెండో టగ్గు ఓడను వెనక్కి లాగి పట్టుంటే ఆ తాడు వదులుగా ఉండేది. ఇప్పుడది బిగిసి సన్నబడి, వీణ తీగలా మోగుతోంది. అంత బిగువులో ఉన్న తాడును విప్పితే అదెటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు. విప్పకపోతే ఓడ మళ్లీ జెట్టీ మీదికే వస్తుంది. సుత్తి నా చేతిలో ఉంది. నా కాళ్లు కదల్లేదు. బావ వచ్చి సుత్తి లాక్కున్నాడు.

"ఉరుకు. నీకేమన్న అయితే మీ అక్కకు జవాబు నేను చెప్పలేను."

ఉరికాను. ఓడ తోక మీద చీనా సెరంగు రెండు చేతులూ ఊపుతూ, పొమ్మని అరుస్తున్నాడు. బావ రెండుసార్లు కొట్టాడు. మూడో దెబ్బకు కొక్కెం తెరుచుకుంది. తాడు తుపాకీలా పేలి, గాలిలో ఒకసారి మెలిక తిరిగి, ఆయన్ని నడుము దగ్గర కొట్టింది. ఇంతకంటే రాయను. ఓడ మంటలతో సహా సముద్రంలోకి కదిలింది. జెట్టీ మిగిలింది, ట్యాంకులు మిగిలాయి, మేం ఏడుగురం మిగిలాం.

నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రిలో, శవాల గది బయట బెంచీ మీద నా పక్కన ఎవరో కూర్చున్నారు. చీనా సెరంగు. చేతులకు కట్లు, ముక్కు మీద బావ చేసిన గాయం. కట్టులోంచి బయటికున్న రెండు వేళ్లతో ఉచ్చు చుట్టి, పైకెత్తి, ఎత్తలేదన్నట్టు కిందికి వదిలి, తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. తప్పు నాది అని. నేను కూడా అలాగే నా రొమ్ము చూపించుకోవచ్చు. భాష అక్కర్లేదు. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

విచారణలో పుస్తకం అడిగారు, ఇచ్చాను. గంటగంటకూ టిక్కు ఉంది. కాగితం ప్రకారం చివరి టిక్కు దాకా వైరు మీటరు ఎత్తులోనే ఉంది, ఆ తర్వాత ఓడవాళ్లే అశ్రద్ధ చేశారు. నేరమంతా చీనా సెరంగు మీద రాశారు. అతను ఏమయ్యాడో తెలియదు. విమానాలు మళ్లీ నడిచాక బావను పెట్టెలో పంపించి, అక్కకు మాత్రం ఆకాశం నుంచి ఏదో పడిందని చెప్పాను. నేను రేవు వదిలేసి రియాద్ పోయి, బతా అనే బజారులో ఒక మెస్సులో పప్పు తిప్పుతూ ఏళ్లు గడిపాను. శుక్రవారాలు మెస్సు నిండా మనవాళ్లు. నా జోకుల కోసమే వస్తున్నామనేవాళ్లు, పప్పు తిన్నాక అది నిజమేనని నాకూ అనిపించేది. మేనల్లుడు ఓడ ఎక్కుతానన్నప్పుడు అక్క నన్నే అడిగింది. ఏం కాదక్కా, యుద్ధాలు అయిపోయినయి అన్నాను.

మొన్న కాగితం చదివిన సాయంత్రమే వాడికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఒక్క జోకూ వెయ్యలేదు. టిక్కుల సంగతి చెప్పాను, బెంచీ సంగతి చెప్పాను.

"మామా, బాపు కొట్టింది ఏ చెంప మీద?" అన్నాడు.

"ఎడమ."

"నేనొచ్చినప్పుడు చూపియ్యి" అని పెట్టేశాడు.

మర్నాడు రెండు ఫోటోలు వచ్చాయి. ఒకటి ముక్కు, ఒకటి తోక. రెండు ఉచ్చులూ నీళ్లకు మీటరు పైన. గంట తర్వాత ఇంకో రెండు వచ్చాయి, ఆ తర్వాత ఇంకో రెండు. ఏళ్లు ఎక్కేకొద్దీ మనిషి కూడా ఓడలాగే బరువెక్కి కిందికి దిగుతాడు. ముప్పై ఏళ్లకు పైగా నీళ్లలో వదిలేసిన నా వైరును కాలం ఏమీ పైకి లాగలేదు. పుట్టాక తండ్రి చెయ్యి ఒక్కసారి కూడా తగలనివాడు లాగాడు.